విశ్వం పరిమితమా, అనంతమా: వయసు ఎంత, సరుకు ఎంత, లెక్క ఎక్కడ ఆగుతుంది

మీ సెమినార్ కాగితం కోసం మీరు అడిగింది ఇది: విశ్వానికి కాలంలో మొదలూ చివరా ఉన్నాయా, అందులో ఉన్న సరుకు లెక్కకు అందేంతేనా, లేక రెండూ అనంతమా? దాంతోపాటు తిరుపతిలో మీతో చదివే మిత్రుడు మూడు వాదనలు పెట్టాడన్నారు. శక్తిని పుట్టించలేం, నాశనం చేయలేం కాబట్టి విశ్వం అనాది అన్నది ఒకటి. సృష్టి లెక్క మన పంచాంగంలో ముందే ఉంది కదా అన్నది రెండోది. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే రాడార్‌లో పడే హోరు బిగ్ బ్యాంగ్‌దే (విశ్వం తొలి వేడి దశదే) అన్నది మూడోది. మూడూ నిలబడవు, కానీ మూడింటికీ కారణాలు వేరు. దారిలో ఒక్కొక్కటీ వస్తాయి.

ముందు జవాబు చెప్పేస్తాను. గడిచిన కాలానికి సంఖ్య ఉంది: విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉన్న దశ నుంచి ఇప్పటికి సుమారు 1380 కోట్ల ఏళ్లు. ఆ దశకు ముందు ఏమీ లేదని మాత్రం ఈ సంఖ్య చెప్పదు. మనకు కనిపించగల భాగంలోని సరుకు పరిమితమే, దానికీ సంఖ్య ఉంది. కనిపించని భాగాన్ని కలుపుకొని మొత్తం విశ్వం పరిమితమా అంటే, ఇక్కడ ఒక చిక్కుంది. విశ్వం నిజంగా పరిమితమైతే దాన్ని కొలతతో రుజువు చేసే అవకాశం ఉంది. అనంతమైతే ఏ కొలతా దాన్ని ఎప్పటికీ రుజువు చేయలేదు. ఈ విషయంలో జరిగే వాదనల్లో సగం ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి.

వయసు లెక్క మీరే వేయొచ్చు, సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. ఆ తొలి వేడి దశ నుంచి మిగిలిన కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల ప్రకారం హబుల్ స్థిరాంకం 67.4. అంటే ఒక మెగాపార్సెక్ (32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరంలో ఉన్న గెలాక్సీ సెకనుకు 67.4 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది, రెండు మెగాపార్సెక్‌ల దూరంలో ఉన్నది దానికి రెట్టింపు వేగంతో. ఒక మెగాపార్సెక్‌లో 3.086 × 10¹⁹ కిలోమీటర్లు. దాన్ని 67.4తో భాగిస్తే 4.58 × 10¹⁷ సెకన్లు. ఏడాదికి 3.156 × 10⁷ సెకన్లు కాబట్టి 1451 కోట్ల ఏళ్లు వస్తుంది.

చాలామంది ఇక్కడే ఆపేసి దీన్నే వయసంటారు. కాదు. విస్తరణ వేగం మొదటి నుంచీ ఒకేలా ఉండి ఉంటే అయ్యే వయసు ఇది. పదార్థం తన గురుత్వాకర్షణతో విస్తరణకు బ్రేకు వేస్తుంది, డార్క్ ఎనర్జీ (స్వభావం ఇంకా తెలియని శక్తి) విస్తరణను ముందుకు తోస్తుంది. విశ్వంలోని మొత్తం శక్తిలో ఈ రెండింటి వాటాలు 31.5 శాతం, 68.5 శాతం. సవరణ ఇలా చేయాలి. 0.685 వర్గమూలం 0.8276. రెండును దానికి మూడు రెట్లతో భాగిస్తే 0.8055. ఇక 0.685ను 0.315తో భాగిస్తే 2.175, దీని వర్గమూలం 1.4747. ఆ 2.175కు ఒకటి కలిపి వర్గమూలం తీస్తే 1.7817. ఈ రెండు వర్గమూలాలను కూడి సహజ లాగరిథమ్ తీస్తే 1.1806. దాన్ని 0.8055తో గుణిస్తే 0.951. 1451 కోట్లను 0.951తో గుణించండి, 1380 కోట్లు వస్తుంది. లాగరిథమ్ దగ్గర లాగ్ బటన్ నొక్కితే పదో ఆధారం లాగరిథమ్ తీసుకుంటుంది, జవాబు 600 కోట్ల దగ్గరికి పడిపోతుంది. సహజ లాగరిథమ్ బటన్ వేరే ఉంటుంది, చూసి నొక్కండి.

డార్క్ ఎనర్జీని తీసేసి అంతా పదార్థమే అనుకుంటే సవరణ మూడింట రెండు వంతులు, వయసు 967 కోట్లు. మన గెలాక్సీ చుట్టూ ఉన్న గోళాకార నక్షత్ర గుచ్ఛాల వయసు 1200 కోట్ల పైన. బిడ్డ వయసు తల్లిని మించిపోతోంది. 1990లలో ఇది నిజమైన సంక్షోభమే. 1998లో దూరపు సూపర్‌నోవాలు (పేలిపోయే నక్షత్రాలు) అనుకున్నదానికన్నా మసకగా ఉన్నాయని రెండు బృందాలు తేల్చాయి. విస్తరణ నెమ్మదించడం లేదు, వేగం పుంజుకుంటోంది అని తెలిసింది. వయసు చిక్కు దాంతోనే విడిపోయింది. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకు 2011లో నోబెల్ వచ్చింది దీనికే.

ఇంకో పొరపాటు. దగ్గరి గెలాక్సీల్లో సెఫీడ్ నక్షత్రాలు (వెలుగు క్రమంగా హెచ్చుతగ్గయ్యేవి, దూరం కొలవడానికి వాడతారు), సూపర్‌నోవాలతో కొలిస్తే హబుల్ స్థిరాంకం 73 వస్తోంది. ఈ తేడా ఇంకా తీరలేదు. కొందరు 73 పెట్టి, పదార్థం వాటా 31.5 శాతాన్ని అలాగే ఉంచి, వయసు 1274 కోట్లేనని, ముసలి నక్షత్రాలతో మళ్లీ గొడవేనని రాస్తుంటారు. అలా కలపకూడదు. ప్లాంక్ నేరుగా పట్టుకునేది శాతాన్ని కాదు, పదార్థ సాంద్రతను. సాంద్రత అదే ఉండి హబుల్ స్థిరాంకం 73 అయితే వాటా సుమారు 27 శాతానికి తగ్గుతుంది, వయసు 1330 కోట్ల దగ్గర నిలుస్తుంది. తేడా ఉంది, కానీ పిడుగు పడేంత కాదు.

పంచాంగం సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనికి సరైన విరుగుడు మీ ఊళ్లోనే ఉంది. కల్పం 432 కోట్ల ఏళ్లు. అందులో సృష్టి మొదలై ఇప్పటికి గడిచినవంటూ పంచాంగాల్లో 'సృష్ట్యాది గతాబ్దాలు' కింద 195 కోట్ల 58 లక్షల పైచిలుకు అంకె వేస్తారు. 1929లో ఎడ్విన్ హబుల్ ఇచ్చిన విలువ సుమారు 500. పైన చేసినట్టే భాగహారం చేయండి: 196 కోట్ల ఏళ్లు. ఆ రోజుల్లో ఎవరైనా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఉంటే ఊరంతా ఊరేగించేవాళ్లు. ఇంత దగ్గరగా కుదిరిన ఆ అంకె ఏడు రెట్లు తప్పు! తప్పని మొదట చెప్పింది ఆకాశం కాదు, రాళ్లు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవైజ్ఞానిక స్మారక స్థలం ఉంది. అడుగున ఆర్కియన్ యుగపు గ్రానైట్, దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మీద పరుచుకున్నది కడప శ్రేణి క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య కోట్లాది ఏళ్ల ఖాళీ. విశ్వం వయసు 196 కోట్లయితే, కొండెక్కే బస్సు కిటికీలోంచి కనిపించే రాయి విశ్వం కన్నా వయసులో పెద్దదవుతుంది. సంకల్పంలో శ్వేతవరాహ కల్పే అని చెప్పుకోవడానికి ఇదేమీ అడ్డు కాదు. అది కాలాన్ని స్మరించే పద్ధతి, ఇది కొలిచే పద్ధతి. అంకెలు కుదిరాయి కదా అని ఒకదాన్ని రెండోదానికి సాక్ష్యంగా తేవడంలోనే పొరపాటు.

హబుల్ ఎక్కడ తప్పాడంటే, వేగాల్లో కాదు, దూరాల్లో. సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని అప్పటికి తెలియదు. 1952లో వాల్టర్ బాడే ఆ సంగతి తేల్చడంతో దూరాలన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. 1958 నాటికి ఆలన్ శాండేజ్ ఇంకో లోపం పట్టాడు: దూరపు గెలాక్సీల్లో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాలని హబుల్ అనుకున్నవి కొన్ని నక్షత్రాలే కావు, వెలిగే హైడ్రోజన్ మేఘాలు. విలువ 75కు దిగింది. నేటికీ ఈ రంగంలో తప్పులు వచ్చేది దూరాల దగ్గరే. ఎవరైనా విశ్వం వయసు మారిపోయిందని కొత్త వార్త తెస్తే ముందు దూరం ఎలా కొలిచారని అడగండి.

వయసుకు పరిమితి ఉందనడానికి ఏ సూత్రం అక్కర్లేని సాక్ష్యం కూడా ఒకటుంది. సాధారణ పదార్థంలో బరువు ప్రకారం ఇంకా 70 శాతానికి పైగా హైడ్రోజనే. నక్షత్రాలు దాన్ని హీలియంగా మారుస్తూనే ఉన్నాయి, వెనక్కి మార్చే యంత్రం లేదు. అనంత కాలం గడిచి ఉంటే ఈపాటికి పొయ్యిలన్నీ ఆరిపోయి ఉండాలి. రాత్రి ఆకాశం నల్లగా ఉండటాన్ని కూడా దీనికి సాక్ష్యంగా చెబుతారు, అది సరైనదే. కాకపోతే చాలా పుస్తకాల్లో విస్తరణ వల్ల కాంతి బలహీనపడటమే అసలు కారణమన్నట్టు రాస్తారు. లెక్క వేస్తే అలా రాదు. సగటు నక్షత్ర సాంద్రతతో, సూర్యుడంత నక్షత్రాలతో చూస్తే మన చూపు ఏదో ఒక నక్షత్రానికి తగలాలంటే సుమారు 10²³ కాంతి సంవత్సరాలు పోవాలి. కాంతికి దొరికిన సమయం 1380 కోట్ల ఏళ్లే. ప్రధాన కారణం సమయం చాలకపోవడం. విస్తరణది రెండో స్థానం.

ఇక గాదంకి. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, 1024 యాగీ యాంటెనాలు. రేడియో హోరు బలాన్ని ఉష్ణోగ్రతగా, కెల్విన్లలో చెబుతారు. ఆ పౌనఃపున్యంలో ఆకాశం నుంచి వచ్చే హోరు వేల కెల్విన్లది, దాదాపు అంతా మన పాలపుంతదే. అయస్కాంత క్షేత్రాల్లో తిరిగే ఎలక్ట్రాన్లు పుట్టిస్తాయి. బిగ్ బ్యాంగ్ అవశేష వికిరణం, అంటే ఆ వేడి దశ నుంచి మిగిలిన మైక్రోవేవ్ కాంతి, 2.725 కెల్విన్లు. ఆ హోరులో దీన్ని వెతకడమంటే బ్రహ్మోత్సవాల గరుడసేవ నాడు మాడవీధిలో చీమ నడక వినడం లాంటిది. ఎఫ్ఎం రేడియో గరగర కూడా ఇదే కోవ. అవశేష వికిరణం చూడాలంటే కొన్ని గిగాహెర్ట్జ్‌లకు పైకి పోవాలి. పెంజియస్, విల్సన్ 1965లో ప్రకటించిన కొలత 4.08 గిగాహెర్ట్జ్ దగ్గర చేసింది. వాళ్ల తీసివేత చూడండి: యాంటెనాను నడినెత్తి ఆకాశానికి తిప్పితే మొత్తం 6.7 కెల్విన్లు, అందులో వాతావరణానిది 2.3, యాంటెనా సొంత నష్టాలు, వెనక వైపు నుంచి దూరేది కలిపి 0.9. మిగిలింది 3.5.

కేబుల్ ఆపరేటర్ల పాత పెద్ద డిష్ ఇదే పట్టీలో పనిచేస్తుంది కాబట్టి కాలేజీ ప్రాజెక్టుగా ఇది చేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. చేయొచ్చు, రెండు షరతులతో. డిష్ మొగంలో ఉండే ఎల్ఎన్‌బీ (సంకేతాన్ని పెంచే పరికరం) సొంత హోరే 15 నుంచి 20 కెల్విన్లు ఉంటుంది. నేల 300 కెల్విన్లు, కాబట్టి డిష్ అంచు దాటి నేల వేడి ఒక్క శాతం దూరినా మూడు కెల్విన్లు కలుస్తాయి, అంటే మీరు వెతుకుతున్నదంతా అదే మింగేస్తుంది. అందుకే డిష్ బదులు వెడల్పాటి మూతి ఉన్న హార్న్ (కొమ్ము ఆకారపు యాంటెనా) మేలు. తెలిసిన ఉష్ణోగ్రత గల వస్తువుతో పోల్చకుండా వచ్చిన అంకెను నమ్మకూడదు. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన శోషక ఫోమ్ (77 కెల్విన్లు) దీనికి వాడతారు. మేఘం పట్టిన రోజు వదిలేయండి.

ఈ వికిరణం బయలుదేరినప్పుడు విశ్వం వయసు 3.8 లక్షల ఏళ్లు, ఉష్ణోగ్రత సుమారు 3000 కెల్విన్లు. ఈ 3000 ఎక్కడిది? హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను విడదీసే శక్తిని ఉష్ణోగ్రతగా మారిస్తే 1.58 లక్షల కెల్విన్లు. కాబట్టి ఆ వేడికి దిగగానే పరమాణువులు ఏర్పడి కాంతికి దారి దొరకాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు, ఎందుకంటే ఒక్కో ప్రోటాన్‌కు 160 కోట్ల ఫోటాన్లు ఉన్నాయి. సగటు ఫోటాన్ బలహీనపడ్డా, ఆ గుంపులో బలమైనవి కొన్ని ఉంటే చాలు, ఏర్పడ్డ పరమాణువును మళ్లీ పగలగొడతాయి. ఇది లెక్కగట్టే సమీకరణం మేఘనాద్ సాహా 1920లో ఇచ్చింది. నక్షత్రాల కోసం రాసిన సూత్రం విశ్వం చరిత్రకూ పనికొచ్చింది. అందులో ఫోటాన్ల నిష్పత్తి పెట్టకుండా లెక్కిస్తే ఉష్ణోగ్రత తప్పు వస్తుంది. డిగ్రీ విద్యార్థుల పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఇంకా వెనక్కి, మొదటి మూడు నిమిషాల దాకా మనకు భౌతిక సాక్ష్యం ఉంది, అది హీలియం. ఆ సమయంలో ప్రతి ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగిలింది. రెండు న్యూట్రాన్లు, పద్నాలుగు ప్రోటాన్లు తీసుకోండి, మొత్తం పదహారు. రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిస్తే ఒక హీలియం కేంద్రకం, బరువు నాలుగు. పదహారులో నాలుగు, 25 శాతం. నక్షత్రాలు పెద్దగా కలుషితం చేయని వాయువుల్లో కొలిస్తే వచ్చేదీ దాదాపు అంతే.

అంతకు ముందు? సామాన్య సాపేక్షతను (ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతాన్ని) గుడ్డిగా వెనక్కి నడిపితే సాంద్రత అనంతమయ్యే చోటుకు చేరుతుంది. కలకత్తాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఇచ్చిన సమీకరణం మీదే తర్వాత పెన్‌రోజ్, హాకింగ్‌ల సింగ్యులారిటీ (అలాంటి చోటు) సిద్ధాంతాలు నిలబడ్డాయి. అయితే ఆ సిద్ధాంతాలకు షరతులున్నాయి. గురుత్వం ఎప్పుడూ దగ్గరికే లాగాలి అన్నది ఒకటి. ఇన్‌ఫ్లేషన్ దశలో, అంటే తొలి క్షణంలో విశ్వం విపరీత వేగంతో ఉబ్బిందనుకునే దశలో, అది వర్తించదు. 2003లో బోర్డ్, గుత్, విలెంకిన్ ఆ షరతు లేకుండానే, సగటున విస్తరిస్తూ వచ్చిన విశ్వాన్ని గతంలోకి అనంతంగా పొడిగించలేమని చూపారు. దీన్ని 'సృష్టికి రుజువు' అని తిప్పి రాయడం చూస్తుంటాం. అది చెప్పేది ఇంతే: విస్తరణ దశకు వెనకవైపు ఒక హద్దుంది. హద్దుకు అవతల వేరే భౌతికశాస్త్రం ఉండొచ్చు, సంకోచిస్తున్న విశ్వం ఉండొచ్చు, కాలం అన్న మాటకే అర్థం లేకపోవచ్చు. 5.4 × 10⁻⁴⁴ సెకన్ల కన్నా చిన్న కాలానికి మన సూత్రాలేవీ పనిచేయవు. కాబట్టి సెమినార్‌లో 'విశ్వం 1380 కోట్ల ఏళ్ల క్రితం శూన్యం నుంచి పుట్టింది' అని రాయకండి. 'వేడి దశ నుంచి 1380 కోట్ల ఏళ్లు' అని రాయండి. మొదటి వాక్యాన్ని ఎవరైనా పట్టుకుని అడిగితే నిలబెట్టుకోలేరు.

సరుకు లెక్కకు వద్దాం. ముందు ఎంత చోటన్నది తేలాలి. 1380 కోట్ల ఏళ్ల వయసు కాబట్టి 1380 కోట్ల కాంతి సంవత్సరాల దాకా కనిపిస్తుందనుకోవడం సహజం. కానీ కాంతి ప్రయాణిస్తుండగా అది దాటి వచ్చిన దారి కూడా సాగుతూ పోయింది. ఇప్పుడు మనకు అందే అవశేష వికిరణం బయలుదేరినప్పుడు ఆ చోటు మనకు 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఇప్పుడది 4500 కోట్లకు పైగా జరిగింది. పరిశీలించగల విశ్వం హద్దు 4650 కోట్ల కాంతి సంవత్సరాలు. (సాగడమంటే అన్నీ సాగవు. తిరుపతి చిత్తూరు మధ్య 70 కిలోమీటర్లకు హబుల్ స్థిరాంకం వేస్తే ఏడాదికి 5 మైక్రోమీటర్లు వస్తుంది. రోడ్డు అంత కూడా సాగదు, రాళ్లను పట్టి ఉంచే బలాలు అక్కడ గెలుస్తాయి. గెలాక్సీ లోపల కూడా అంతే.)

ఆ వ్యాసార్ధానికి ఘనపరిమాణం 3.6 × 10⁸⁰ ఘన మీటర్లు. సగటు సాంద్రత ఘన మీటరుకు 8.5 × 10⁻²⁷ కిలోలు. ఇందులో మామూలు పదార్థం, అంటే పరమాణువులయ్యేది, 4.9 శాతమే. ప్రోటాన్ బరువుతో భాగిస్తే నాలుగు ఘన మీటర్లకు ఒక ప్రోటాన్. మొత్తం 9 × 10⁷⁹. గుండుగుత్తగా 10⁸⁰ అని అందరూ చెప్పేది ఇదే. ఫోటాన్లు ఘన సెంటీమీటరుకు 411, కాబట్టి మొత్తం 1.5 × 10⁸⁹. డార్క్ మ్యాటర్ (కాంతినివ్వని, గురుత్వం ద్వారానే తెలిసే పదార్థం) బరువు సాధారణ పదార్థానికి ఐదు రెట్లకు పైగా ఉంటుంది కానీ దాని కణం ఏదో తేలలేదు, అందుకే దాన్ని కిలోల్లో చెప్పగలం, సంఖ్యలో చెప్పలేం. బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అయితే కొలతలేవీ లేకుండా, కేవలం గణితం నుంచి ప్రోటాన్లు సరిగ్గా 136 × 2²⁵⁶ ఉంటాయని తేల్చాడు! అది 1.57 × 10⁷⁹ అవుతుంది. పది రెట్ల తేడా లోపలికి వచ్చాడంటే అదృష్టమే. ఆ వాదనను ఇప్పుడెవరూ పట్టించుకోరు.

'శక్తి నిత్యం కాబట్టి విశ్వం అనాది' అన్న మాటకు ఇప్పుడు చూడండి. అవశేష వికిరణం బయలుదేరాక దాని తరంగదైర్ఘ్యం సుమారు 1090 రెట్లు సాగింది. ప్రతి ఫోటాన్ శక్తి అన్ని రెట్లు తగ్గింది. ఆ శక్తి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. శక్తి నిత్యత్వం కాలంతో మారని వ్యవస్థలకు వర్తించే నియమం. విస్తరిస్తున్న విశ్వం అలాంటిది కాదు. మొత్తం విశ్వానికి ఒక మొత్తం శక్తి అన్న లెక్క సామాన్య సాపేక్షతలో సాధారణంగా కుదరదు. డార్క్ ఎనర్జీ అయితే తిరగబడ్డ కథ: ఘన మీటరుకు ఇంత అని స్థిరంగా ఉంటే, చోటు పెరిగేకొద్దీ మొత్తం పెరుగుతూనే ఉంటుంది. ఇంటర్ పుస్తకంలోని నియమం ప్రయోగశాలలో నూటికి నూరుపాళ్లూ నిజం. దాన్ని విశ్వం మొత్తానికి పొడిగించడమే తప్పు.

అనాది విశ్వాన్ని గట్టిగా వాదించినవాళ్లు దీన్ని ఎదుర్కొన్నారు కూడా. 1948లో బాండీ, గోల్డ్, హొయిల్‌ల స్థిరస్థితి సిద్ధాంతంలో విశ్వం విస్తరిస్తున్నా సాంద్రత తగ్గకూడదు కాబట్టి కొత్త పదార్థం పుడుతూ ఉండాలి. ఎంత? సాంద్రతను హబుల్ స్థిరాంకంతో, మూడుతో గుణిస్తే ఘన మీటరుకు వంద కోట్ల ఏళ్లకు ఒక హైడ్రోజన్ పరమాణువు. ఏ ప్రయోగశాలా పట్టుకోలేనంత చిన్నది, అందుకే ఆ సిద్ధాంతాన్ని దెబ్బతీసింది పదార్థం పుట్టుక కాదు. దూరాన ఉన్న విశ్వం దగ్గరి విశ్వంలా లేకపోవడం, 1965లో దొరికిన అవశేష వికిరణం కలిసి దెబ్బతీశాయి. జయంత్ నార్లీకర్ 1993లో హొయిల్, బర్బిడ్జ్‌లతో కలిసి దాన్ని మార్చి మళ్లీ తెచ్చారు. అవశేష వికిరణంలోని సన్నటి హెచ్చుతగ్గులను బిగ్ బ్యాంగ్ నమూనా ముందే చెప్పినంత కచ్చితంగా అది చెప్పలేకపోయింది. అనాది విశ్వం తెలివితక్కువ ఊహ కాదు. పరీక్షకు నిలిచి ఓడిన ఊహ.

మొత్తం విశ్వం ఎంత? ఇక్కడ కొలవగలిగింది వక్రత (చోటు ఎంత వంగి ఉందన్నది) ఒక్కటే. మహా త్రిభుజం గీసి కోణాలు కూడడం లాంటి పని. అవశేష వికిరణంలో హెచ్చుతగ్గుల అసలు పరిమాణం భౌతికశాస్త్రం చెబుతుంది, అది ఆకాశంలో ఎంత కోణంలో కనిపిస్తుందో కొలుస్తాం, సుమారు ఒక డిగ్రీ. ప్లాంక్, గెలాక్సీ సర్వేలు కలిపితే వక్రత వాటా 0.0007, అనిశ్చితి 0.0019. సున్నాతో సరిపోతుంది. సంపూర్తిగా మూసుకున్న గోళం లాంటి విశ్వానికి ఈ వాటా ఋణాత్మకం. ఆ వైపు రెండింతల అనిశ్చితి దాకా పోతే వాటా −0.0031, గుర్తు వదిలేస్తే 0.0031. కాంతి వేగాన్ని హబుల్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చే 1450 కోట్ల కాంతి సంవత్సరాలను 0.0031 వర్గమూలంతో భాగించండి: వక్రతా వ్యాసార్ధం కనీసం 26,000 కోట్ల కాంతి సంవత్సరాలు. అలాంటి మూసిన విశ్వం ఘనపరిమాణం వ్యాసార్ధం ఘనానికి 2π² రెట్లు. దాన్ని మనకు కనిపించే భాగంతో పోలిస్తే సుమారు 800 రెట్లు. విశ్వం గోళంలా మూసుకుని పరిమితంగా ఉన్నా మనం చూస్తున్నది అందులో 800వ వంతుకు మించదు.

చదును అయితే అనంతమేనా? కాదు, ఇదే అందరూ జారే మెట్టు. చదునుగా ఉంటూనే తనలోకి తాను కలిసిపోయే చోటు సాధ్యమే: ఒక దిక్కున నేరుగా పోతూ ఉంటే రెండో దిక్కు నుంచి బయలుదేరిన చోటికి వస్తారు. అంచు ఉండదు, వంపు ఉండదు, అయినా పరిమితం. అలాంటి విశ్వం మనకు కనిపించే భాగం కన్నా చిన్నదైతే అవశేష వికిరణంలో ఆకాశంలో రెండు చోట్ల ఒకే నమూనా గల వలయాలు జంటలుగా కనబడాలి. వెతికారు; మొదట అమెరికా ఉపగ్రహ దత్తాంశంలో, తర్వాత ప్లాంక్‌లో. దొరకలేదు. తనలోకి కలిసే పద్ధతులు చాలా ఉన్నాయి, అన్నింటినీ ఇంకా కొట్టివేయలేదు. రేపు వలయాల జంట దొరికినా, వక్రత స్పష్టంగా మూసిన వైపు తేలినా 'పరిమితం' అన్న జవాబు ఆ రోజే ఖాయమవుతుంది. వక్రత 0.000001 కన్నా తక్కువని తేలినా 'అనంతం' అన్న జవాబు ఖాయం కాదు. కనీస పరిమాణం ఇంకా పెరిగిందని మాత్రమే చెప్పగలం. నా మట్టుకు అనంతం అన్న మాటను నమూనాలో వాడుకునే సౌకర్యంగా చూస్తాను, దొరికిన ఫలితంగా చూడను.

ఇక ముందున్న కాలం. డార్క్ ఎనర్జీ నిజంగా స్థిరమైతే విస్తరణ ఆగదు, కాలానికి చివర ఉండదు. అయినా మనకు అందే సరుకు పరిమితమే. ఇవాళ సుమారు 1700 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్న గెలాక్సీ నుంచి ఇవాళ బయలుదేరిన కాంతి ఎన్నటికీ మనల్ని చేరదు. ఎంత కాలం వేచి ఉన్నా పాత కాంతి ద్వారా మనకు కనిపించగల పదార్థం ఇప్పటి కొలతలో 6200 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర ఆగిపోతుంది. అతిచిన్న ఎర్ర నక్షత్రాలు లక్షల కోట్ల ఏళ్లు బతుకుతాయి. సుమారు 10¹⁴ ఏళ్లకు కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతుంది. అంటే అంతులేని కాలం, అందులో అంతమయ్యే సంఘటనలు.

ఈ 'నిజంగా స్థిరమైతే' అన్న షరతు 2024 దాకా మామూలు ఊసు. ఆ ఏడాది, మళ్లీ 2025లో, అరిజోనాలోని టెలిస్కోప్‌తో డార్క్ ఎనర్జీని పరిశీలించే డీఈఎస్ఐ సర్వే లక్షలాది గెలాక్సీల దూరాలతో, డార్క్ ఎనర్జీ కాలంతో బలహీనపడుతున్నట్టు సూచన ఇచ్చింది. సూపర్‌నోవాల ఏ జాబితాను కలిపారన్నదాన్ని బట్టి 2025 ఫలితపు బలం 2.8 నుంచి 4.2 సిగ్మాలు (ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి కొలమానం), ఆవిష్కరణ అనడానికి 5 కావాలి. జాబితా మారితే బలం మారుతోందంటే మళ్లీ దూరాల కొలతల మీదే సందేహం పడాలి. అది నిజమని తేలితే 1380 కోట్ల వయసు పెద్దగా కదలదు, 10⁸⁰ కూడా కదలదు. కదిలేవి పై పేరాలోని 1700 కోట్ల హద్దు, 6200 కోట్ల హద్దు. అందుకే సెమినార్ కాగితంలో ఆ రెండు అంకెల పక్కన మాత్రం 'డార్క్ ఎనర్జీ స్థిరం అనుకుంటే' అని రాసిపెట్టుకోండి.